వారానికి సరిపడా

కంప్యూటర్ కాగితం మీద ఆ పేరు చూడగానే వసుమతికి ముందు సంతోషం కలిగింది, ఆ వెంటనే సిగ్గు వేసింది. సత్యానందం అనే పేరు మనవాళ్లది కాక ఇంకెవరిదవుతుంది? డెట్రాయిట్‌లో మనవాడొకడు సొంతంగా మందుల షాపు పెట్టుకున్నాడన్నది సంతోషం. రాష్ట్రం మొత్తంమీద ఒకే మనిషికి ఒకే మందు ఇచ్చి ప్రభుత్వం దగ్గర అందరికంటే ఎక్కువసార్లు ఫీజు గుంజుతున్న షాపుల వరసలో ఆ మనవాడిదే మొదటి పేరు కావడం సిగ్గు. పరాయి దేశంలో మనవాళ్లు చేసిన మంచి వాళ్ల ఖాతాలో పడుతుందిగానీ, చేసిన చెడు మాత్రం అందరి ఖాతాలోనూ పడుతుందని ఆమె గట్టి నమ్మకం.

వసుమతి పనిచేసేది రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో, పేదల వైద్యానికి రాష్ట్ర ప్రభుత్వం పెట్టే ఖర్చు చూసే ఆఫీసులో. పేదలకి మందులిచ్చిన షాపుకి ఆ ఆఫీసు రెండు రకాలుగా డబ్బిస్తుంది. మందు ఖరీదు ఒకటి. ఆ మందుని లెక్కపెట్టి, సీసాలో పోసి, చీటీ అంటించి ఇచ్చినందుకు ఫీజు ఒకటి. ఆ ఫీజు పెంచమని మందుల షాపుల సంఘం చలికాలమంతా బేరమాడుతోంది. 1982వ సంవత్సరం అది. కార్ల ఫ్యాక్టరీలు ఒకదాని తరవాత ఒకటి మూతపడుతున్నాయి, ఖజానాలో చిల్లిగవ్వ లేదు, వీధిన పడ్డవాళ్లందరూ పేదల జాబితాలోకి వచ్చి చేరుతున్నారు. అలాంటి రోజుల్లో ఫీజు పెంచమంటే ఎవరు పెంచుతారు?

వసుమతి పైఅధికారి బ్రెనన్ పెంచుతానన్నాడు. ఆయన అంత తేలిగ్గా పెంచే మనిషి కాదు. పెంచుతాను గానీ ఒక మనిషికి ఒక మందు మీద నెలకి ఒకటే ఫీజు ఇస్తానన్నాడు. నెల మందు ఒకేసారి ఇవ్వకుండా వారం వారం ఇచ్చి నాలుగు ఫీజులు తీసుకునే షాపులు కొన్ని ఉన్నాయి. ఆ అదనపు ఫీజులు ఆగిపోతే పెంచిన డబ్బు అక్కడే తిరిగొస్తుంది. సంఘం వాళ్లు ఒప్పుకోవడం లేదు.

"నాకు ఒక మంచి ఉదాహరణ కావాలి. వింటే వాళ్లే తలదించుకోవాలి" అన్నాడు బ్రెనన్, సత్యానందం పేరు మీద పెన్సిలు ఆనించి. "మీ దేశం వాడే కదా. వెళ్లి రెండు రోజులు కూర్చుని చూడు. ఏం చేస్తున్నాడో అంతా రాయి."

"దేశం పెద్దదండీ" అంది వసుమతి.

"వచ్చే బుధవారం మీటింగు" అన్నాడు బ్రెనన్.

గురువారం ఉదయం ఆ షాపు ముందు కారు దిగేటప్పటికి వసుమతి మనసు గట్టి చేసుకుంది. మనవాడని జాలిపడకూడదు. అసలు తెలుగులో మాట్లాడకూడదు. తలుపు తోయగానే గంట మోగింది. కౌంటరు వెనకనుంచి, స్వెట్టరు మీద తెల్లకోటు వేసుకున్న బట్టతల మనిషి తలెత్తి చూసి, "రండమ్మా, రండి. ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. రోడ్డు జారుడుగా ఉందా?" అన్నాడు.

"చాలా ఉందండీ" అనేసింది వసుమతి. అలా మొదటి నిర్ణయం గుమ్మంలోనే పోయింది.

సత్యానందం ఆమెకి కౌంటరు లోపల ఒక ఎత్తుపీట వేశాడు. క్యాష్ రిజిస్టర్ దగ్గర కూర్చున్న ఆయన భార్య మణి ఫ్లాస్కులోంచి టీ పోసి తెచ్చింది.

"వద్దండీ. షాపులవాళ్ల దగ్గర మేం ఏమీ తీసుకోవద్దు. రూల్" అంది వసుమతి.

"టీ కూడానా?"

"కాఫీ, టీ, క్యాలెండర్ కూడా."

మణి కప్పు పట్టుకుని అలాగే నిలబడింది. "మా చర్చికొచ్చే గవర్నమెంటు ఆఫీసర్లు చాలామందున్నారు గానీ, టీ తాగితే ఉద్యోగం పోయేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను. మీది ఏ ఊరండీ?"

"హనుమకొండ."

"మాది చీరాల దగ్గర. అక్కడ అయితే టీ తాగనివాళ్లని అనుమానిస్తాం" అంటూ ఆ టీ తనే తాగేసింది.

మధ్యాహ్నం మణి గోంగూర పచ్చడి డబ్బా మూత తీసినప్పుడు వసుమతి పడిన అవస్థ ఇక్కడ రాయక్కర్లేదు. తను తెచ్చుకున్న చీజ్ పెట్టిన బ్రెడ్డు ముక్కల్ని ఆమె కారులో కూర్చుని తింది.

ఎత్తుపీట మీదనుంచి చూస్తే పని బాగా కనిపించేది. నీలం రంగు పళ్లెంలో మాత్రలు పోసి, సన్నటి బద్దతో ఐదేసి చొప్పున పక్కకి తోసేవాడు సత్యానందం. అది అందరూ చేసేదే. ఆ తరవాత చేసేదే ఎక్కడా చూడనిది. సీసా తియ్యకుండా, చదరంగా కత్తిరించి పెట్టుకున్న తెల్లకాగితాలు వరసగా పరిచేవాడు. ఒక్కో కాగితంలో గుండె మాత్ర ఒకటి, నీరు దిగే మాత్ర ఒకటి వేసి, మడతలు పెట్టి పొట్లం కట్టేవాడు. పొద్దుటి పొట్లానికి ఒక మూల చెవిలాగా పైకి వదిలేవాడు. రాత్రి పొట్లానికి ఆ చెవిని లోపలికి దోపేవాడు. వేళ్లు వాటంతటవే పోతున్నాయి, ఆయన మాత్రం వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు.

వసుమతి మొదట రాసుకోవడం మర్చిపోయి చూసింది. చిన్నప్పుడు ఇలాంటి పొట్లాలు ఆమె చేతికీ వచ్చాయి. జ్వరమొస్తే కాంపౌండరు కట్టిచ్చేవాడు. ఈ దేశం వచ్చాక మందు పొట్లం అనే మాటే ఆమెకి గుర్తు రాలేదు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నారు?"

"మిషన్ ఆసుపత్రిలో కాంపౌండర్లు కట్టేవాళ్లు కదమ్మా. కాలేజీలో చేరకముందే నాకు వచ్చు. ఇక్కడ పనికొస్తుందనుకోలేదు." ఒక పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. "కళ్లు మూసుకుని చెప్పండి, పొద్దుటిదా రాత్రిదా?"

ఆమె నిజంగానే కళ్లు మూసుకుని తడిమింది. చెవి వేలికి తగిలింది. "పొద్దుటిది."

"చూశారా. షుగరుతో చూపు తగ్గినవాళ్లు చీటీ ఎలా చదువుతారు?"

ఆ మధ్యాహ్నం మిసెస్ ప్రూయిట్ అనే పెద్దావిడ వచ్చింది. రెండు కోట్లు, మగవాళ్ల బూట్లు వేసుకుని, చేతికర్ర టకటకలాడిస్తూ వచ్చి తలుపు పక్క కుర్చీలో కూలబడింది. సత్యానందం కౌంటరు తలుపు తెరుచుకుని వెళ్లి ఆమె ముందు మోకాలి మీద కూర్చున్నాడు. ఆమె అడక్కుండానే బూటు విప్పి మేజోడు కిందికి జరిపింది. ఆయన బొటనవేలు చీలమండ పైన నొక్కి పెట్టి ఉంచి తీశాడు. నొక్కిన చోట చిన్న గుంట పడింది. అది పూడటానికి చాలాసేపు పట్టింది. ముగ్గురూ దాన్నే చూస్తూ ఉన్నారు.

"ఆదివారం చర్చిలో భోజనాలయ్యాయా?" అని అడిగాడు.

"పంది మాంసం, ఉప్పు చేప" అంది ఆమె, దొంగలాగా.

ఆయన వెళ్లి డాక్టరుకి ఫోన్ చేశాడు. అవతలి నర్సు కాసేపు ఆగమంటే ఆగాడు. నీరు దిగే మాత్ర మూడు రోజులు పెంచమని డాక్టరు చెప్పాడు. పొట్లాలు విప్పి, మాత్రలు కలిపి, మళ్లీ కట్టాడు. ఈ తతంగం అంతటికీ ఆయనకి వచ్చేది ఆ వారం ఫీజే. వసుమతి రాసుకుంటూనే ఉంది.

మర్నాడు టాలివర్ వచ్చాడు. ఫౌండ్రీలో పనిచేసి మానేసిన మనిషి, తల మీద నల్లటోపీ, నోట్లో ఆగని మాట. వసుమతిని చూడగానే తన కథ తనే చెప్పాడు. ఏడాది కింద నెల సీసా ఇచ్చారట. ఓ మూడు రోజులు మాత్రలు మర్చిపోయాడు. నాలుగో రోజు గుర్తొచ్చి, నాలుగు రోజులవీ ఒకేసారి మింగి బాకీ తీర్చేశాడు. కళ్లముందు లోకమంతా పసుపుపచ్చగా కనిపించింది. తెలివొచ్చేసరికి ఆసుపత్రిలో ఉన్నాడు.

"బాకీ ఉంచుకోవడం నాకిష్టం ఉండదమ్మా" అని గట్టిగా నవ్వాడు. "ఇప్పుడు నా కూతురు నాతోనే ఉంటోంది. అది చూసుకుంటుంది. కానీ ఈయన వినడు."

అతను వెళ్లాక వసుమతి ఇంక ఆగలేకపోయింది. "సత్యానందం గారూ, వారం వారం ఇచ్చేది ఫీజు కోసమని మా ఆఫీసు అనుకుంటోంది. మీరేమంటారు?"

ఆయనకి కోపం రాలేదు. "ఫీజు కూడా కావాలమ్మా. ఊరికే చేస్తున్నానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. షాపు రెంట్ ఎవరు కడతారు? ఆ నాలుగు ఫీజులు వస్తున్నాయి కాబట్టే కాళ్లు చూసే టైం దొరుకుతోంది. అందరికీ వారం వారం ఇవ్వను. నా దగ్గరికొచ్చే వందలమందిలో ఓ ఇరవైమంది దాకా ఉంటారు, అంతే. నెల సీసా చేతికిస్తే వాళ్లు మందుని మందులాగా చూడరు. మిసెస్ ప్రూయిట్ అన్నీ ఒక గిన్నెలో పోసి టేబుల్ మీద పెట్టుకునేది. ఒంట్లో బాగాలేనప్పుడల్లా గుప్పెడు. పక్కింటావిడకి కూడా పెట్టేది, పాపం మంచి మనిషి."

వసుమతికి ఆ సాయంత్రం కారు తోలుతుంటే ఒళ్లు తేలిగ్గా ఉంది. మనవాడు దొంగ కాదు. దొంగ కాకపోవడమే కాదు, గొప్పవాడు. అంత మంచు రోడ్డు మీద, ఒక్కత్తీ, పైకే నవ్వుకుంది.

సోమవారం ఆఫీసులో ఆసుపత్రుల బిల్లులు తెప్పించి ఆ ఇరవైమంది పేర్లూ వెతికింది. పొట్లాలు మొదలుకాకముందు వాళ్లలో సగంమంది ఆసుపత్రి పాలైనవాళ్లే. తరవాత ఇద్దరు. ఒక్క మనిషి ఒక్కసారి ఆసుపత్రిలో పడుకుంటే అయ్యే ఖర్చుతో సత్యానందానికి ఏళ్ల తరబడి ఫీజులివ్వచ్చు. ఆ లెక్క చివరి పేజీలో పెట్టింది. ముందు పేజీల్లో అంతా రాసింది. కాగితం చెవి గురించి, బొటనవేలి గుంట గురించి, పొట్లాలు విప్పి మాత్రలు కలిపిన తీరు గురించి. ఒక మంచి కాంపౌండరుని గురించి ఊళ్లో ఎలా చెప్పుకుంటారో అలా రాసింది. ఇంగ్లీషులో రాసిందన్న మాటేగానీ ఆ మెచ్చుకోలు అచ్చంగా మనదే. చేయి మంచిదని ఒక మనిషిని పొగడటం మనకి తెలుసు. ఆ చేతికి ఎంతవరకు అధికారం ఉందని మనం అడగం.

రాత్రి భోజనాల దగ్గర భర్త ఉదయ్ ఆ కాగితాలు తిరగేశాడు. అతను కార్ల కంపెనీలో ఇంజనీరు, రేపో మాపో లేఆఫ్ అంటారని నెలరోజులుగా సరిగ్గా నవ్వడం లేదు. ఇవాళ నవ్వాడు.

"ఇది రిపోర్టా, సన్మాన పత్రమా?"

"ఉన్నది ఉన్నట్టు రాసిన."

"మీ బాస్ చదివితే ఏమంటాడు?"

"ఏమంటడు? లెక్క ఉంది కదా. నంబర్స్‌తో ఆర్గ్యూ చెయ్యలేడు" అంది వసుమతి, ధీమాగా.

బుధవారం మీటింగులో పొడుగు బల్లకి ఒకవైపు ఆఫీసువాళ్లు, ఇంకోవైపు సంఘంవాళ్లు కూర్చున్నారు. సంఘం తరఫున మాట్లాడేది ఒక లాయరు. ఆయన పక్కనున్న ముగ్గురివీ పెద్ద పెద్ద షాపుల గొలుసులు, ఒక్కొక్కరికీ వందల షాపులు. నెల సీసాలిచ్చి పంపడం తప్ప వాళ్లకి ఇంకో పని లేదు. వసుమతి బ్రెనన్ వెనక గోడ పక్క కుర్చీలో కూర్చుంది. తన రిపోర్టు ఆయన ముందు ఉంది. అందులో రెండు చోట్ల ఎర్రగీతలు కనిపించాయి. చివరి పేజీ మీద ఏ గీతా లేదు.

బ్రెనన్ గొంతు పెంచలేదు. ఆ రెండు చోట్లా చదివాడు. చీటీ అంటించని కాగితాల్లో రకరకాల మాత్రలు కలిపి కట్టి ఇస్తున్నాడు. అది చట్టవిరుద్ధం. రోగుల కాళ్లు నొక్కి చూస్తున్నాడు. అది లైసెన్సు లేకుండా వైద్యం చేయడం.

"మీ సభ్యుడే" అన్నాడు లాయరుతో. "మా మనిషి రెండు రోజులు పక్కన కూర్చుని కళ్లారా చూసింది. వారం వారం ఇవ్వడమంటే ఇదేనా మీరు కాపాడమంటున్నది?"

 అవి వసుమతి రాసిన మాటలే. ఒక్క అక్షరం మార్చలేదు. ఆమె ముందుకి వంగి, "చివరి పేజీ చూడండి, ఆసుపత్రి ఖర్చు ఉంది" అని ఆయన చెవిలో అంది.

"చూశాను" అన్నాడు బ్రెనన్ తలతిప్పకుండా. "ఆసుపత్రి ఖర్చు మన పద్దు కాదు. అది పై అంతస్తువాళ్లది."

ఆమె లేచి నిలబడింది. నిలబడాలని అనుకోలేదు, నిలబడింది. "ఆ మనిషి ఎవరినీ మోసం చెయ్యడం లేదు. ఆయనవల్ల జనం బతికున్నారు" అంది గట్టిగా. గొలుసు షాపుల పెద్దమనుషులు ఆమె వైపు మర్యాదగా చూశారు. ఎవరూ కాదనలేదు. ఇంత సానుభూతిగా తలలూపేవాళ్లు ఒక్కమాట కూడా అనరని ఆమెకి అప్పుడు తెలిసింది. లాయరు పది నిమిషాలు విరామం అడిగాడు. తిరిగొచ్చి ఒప్పుకున్నాడు. ఫీజు పెరుగుతుంది, నెలకి ఒకటే. వచ్చే ఒకటో తారీఖు నుంచి అమలు. ఒక షరతు ఏమిటంటే, ఆ రిపోర్టు ఈ గది దాటి లైసెన్సుల బోర్డు దాకా వెళ్లకూడదు.

"అతని లైసెన్సు నిలబడింది. అంతా నీ చలవే" అన్నాడు బ్రెనన్ కారిడార్‌లో, ఎగతాళి లేకుండానే. "మంచి పని చేశావు. నీ అంత వివరంగా ఎవరూ రాయరు."

గురువారం వసుమతి సెలవు పెట్టి డెట్రాయిట్ వెళ్లింది. కొత్త రూలు గురించి ఆఫీసు ఉత్తరం చేరకముందే తన నోటితో చెప్పాలని వెళ్లింది. కానీ సంఘం నుంచి అప్పటికే ఫోన్ వచ్చేసింది. మణి ఆమెని చూసి రిజిస్టర్ తెరిచి చిల్లర సర్దుకోవడం మొదలుపెట్టింది. రండి అనలేదు.

సత్యానందం మాత్రలు లెక్కపెడుతున్నాడు. ముందున్నవి సీసాలు.

"నేను మీ గురించి మంచే రాసినండీ" అంది వసుమతి. చెప్పాలనుకున్న వాటిలో అది లేదు, అయినా ముందు అదే వచ్చింది.

"తెలుసమ్మా. ఫోన్‌లో చదివి వినిపించారు." ఆయన కళ్లద్దాలు తీసి కోటుతో తుడుచుకున్నాడు. "మా ఊళ్లో అయితే అది విని నాకు శాలువా కప్పేవాళ్లు. మీరు అబద్ధం రాయలేదుగా. నేను దాచలేదు, మీరు దాచలేదు. ఇద్దరం ఈ ఊరివాళ్లం కాదు, అంతే."

"క్షమించండి" అంది. ఆ మాట ఇంగ్లీషులో అయితే రోజుకి పదిసార్లు అంటుంది. తెలుగులో ఎప్పుడన్నదో గుర్తు రాలేదు.

ఆయన ఎత్తుపీట ముందుకి లాగి కూర్చోమన్నాడు. "మీరొచ్చింది మంచిదైంది. మీతో పని ఉంది. సాయంత్రం షాపు మూశాక కూర్చుంటే ఓ పదిమందికి ఫీజు లేకుండా వారం వారం ఇవ్వగలను. పొట్లాలు వద్దన్నారుగా, చిన్న సీసాలిస్తాను. కాళ్లు చూడకూడదు, ఎలా ఉందని అడగచ్చుట. పదిమందికి మించి నా వల్ల కాదు. మణికీ వయసొస్తోంది. మిగతా పదిమందినీ నెలకి మార్చాలి." ఆగాడు. "ఎవర్ని మార్చమంటారు?"

వసుమతికి ముందు అర్థం కాలేదు. "నేనా?"

"నాకు అందరూ పాతవాళ్లే. ఎవరి పేరు తలుచుకున్నా చెయ్యి ఆగిపోతోంది. మీరు బయటి మనిషిగా కూర్చుని చూశారు. ఆసుపత్రి బిల్లులు కూడా చూశారట. మీకే బాగా తెలుస్తుంది."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. వెటకారం ఏమైనా ఉందేమోనని వెతికింది. ఉంటే బాగుండుననుకుంది. లేదు. నిజంగానే సలహా అడుగుతున్నాడు. ఆఫీసులో ఆమె రోజూ లక్షలమందిని ఈ గడిలోంచి తీసి ఆ గడిలో వేస్తుంది. అందులో ఒక్కరికీ మొహం ఉండదు. ఇప్పుడు మొహాలు తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు. మణి చిల్లర సర్దడం ఆపి ఇటే చూస్తోంది.

"మిసెస్ ప్రూయిట్‌ని మాత్రం మార్చకండి" అంది చివరికి.

"ఆమెని మార్చను. మార్చేవాళ్ల పేర్లు చెప్పండి."

 బయట బస్సు వచ్చి వెళ్లింది.

"టాలివర్" అంది వసుమతి. "ఇంట్లో కూతురుంది కదా. మాట కూడా స్పష్టంగా ఉంది."

సత్యానందం తలూపాడు. "నేనూ ఆయన్నే అనుకున్నాను. ఇంకొకరు కూడా అదే పేరు చెబితే బాగుండునని చూస్తున్నాను."

గురువారం టాలివర్ వచ్చే రోజు కాదు, కానీ సత్యానందం ఫోన్ చేస్తే గంటలో వచ్చాడు. నల్లటోపీ తీసి మణికీ వసుమతికీ వంగి నమస్కారం లాంటిది పెట్టాడు. సత్యానందం పెద్ద సీసా కౌంటరు మీద ఉంచి, రోజుకి ఒకటేనని, మర్చిపోతే మర్చిపోయినట్టేనని, కలిపి మింగకూడదని, ఒక్కో మాటా వేలు మడిచి చెప్పాడు. కౌంటరు దాటి బయటికి మాత్రం రాలేదు. టాలివర్ వింటున్నట్టు లేడు. సీసా చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపాడు. నిండుగా చప్పుడైంది.

"నెల మొత్తానికా?" అన్నాడు. మొహం విప్పారింది. "అయితే నాకు నయమైపోయిందన్నమాట!"

 ఆయన సీసాని కోటు జేబులో జాగ్రత్తగా పెట్టుకుని, కౌంటరు మీదుగా చేయి చాచి ముందు సత్యానందం చేతిని, తరవాత వసుమతి చేతిని గట్టిగా పట్టుకుని ఊపాడు. చాలా థ్యాంక్స్ అన్నాడు. వసుమతి కూడా ఆ చేతిని పట్టుకుని, మంచిదండీ అంది.